మొహం లేనివాడి మలుపు

ఐసు ఫ్యాక్టరీ వెనక సందుని పగలు చూస్తే మీకు నవ్వొస్తుంది. ఇంత చిన్న మలుపుకి అంత చెడ్డపేరేమిటని. ఒక పక్క ఫ్యాక్టరీ గోడ, గోడలో ఇనప గేటు, గేటు పైన ఒక దీపం. ఎదురుగా వరసగా మేడలు. గేటు కింద నుంచి ఎప్పుడూ నీళ్లు కారుతుంటాయి కాబట్టి ఏ కాలంలోనూ నేల ఆరదు. అంతకుమించి అక్కడ ఏమీ లేదు.

కానీ చీకటి పడిందంటే... మా డిపోలో మీసాలు మెలేసే మగవాళ్లే చుట్టు తిరిగి పెద్ద వీధిలోంచి పోతారు. ఆ చోటుకి వాళ్లు పెట్టిన పేరు — మొహం లేనివాడి మలుపు.

చూసినవాళ్లంతా ఒకటే మాట చెప్తారు. గేటు ముందు ఒకడు నిలబడి ఉంటాడు. ఒళ్లుంటుంది, భుజాలుంటాయి, చేతులుంటాయి. మెడ పైన మాత్రం... ఏమీ ఉండదు. నల్లగా, ఖాళీగా ఉంటుంది. వాడు మీ వైపే తిరిగి ఉంటాడు. కళ్లు లేకపోయినా మిమ్మల్నే చూస్తున్నాడని మీకు తెలిసిపోతుంది.

నేను బస్సు డ్రైవర్ని. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు — భయం మాత్రం ఉంది. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది మా బండి కండక్టరు. ఏళ్ల తరబడి ముందు నేను, వెనక ఆమె. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. ఆఖరి స్టాపులో జనం దిగిపోయాక, బండి తిప్పే ముందు కాసేపు ఖాళీ దొరుకుతుంది మాకు. ఆ ఖాళీల్లో ముక్కలు ముక్కలుగా చెప్పింది. నేను అతికించి మీకు చెప్తున్నాను. అతుకుల దగ్గర ఎగుడు దిగుడుంటే ఆ తప్పు నాదే.

చాలాకాలం కిందట ఆ గేటు దగ్గరే ఫ్యాక్టరీ కాపలా ముసలాయన్ని ఎవరో చంపేశారు. ఐసు దిమ్మల్ని లాగే ఇనప కొక్కెంతో తల మీద కొట్టారు. ఆ నేరానికి జైలుకి పోయినవాడు మా కండక్టరు తమ్ముడు.

అతను ఆ ఫ్యాక్టరీలోనే దిమ్మలు మోసేవాడు. ఆ పని ఇప్పించింది కండక్టరు భర్త. అతను అక్కడే రాత్రి షిఫ్టులో మెషీన్ల మెకానిక్కు. తమ్ముడు కాస్త దుడుకు మనిషి. ఆ రోజు మధ్యాహ్నం గేటు తీయడానికి ఆలస్యం చేశాడని ముసలాయనతో నలుగురి ముందూ మాటా మాటా అనుకున్నాడు. "నీ సంగతి చూస్తా" అన్నాడట. ఆ మాట మనం రోజుకి ఎన్నిసార్లు అనం! స్టీరింగు ముందు కూర్చున్నానంటే ఎదురొచ్చే ప్రతివాడి సంగతీ చూస్తానంటూనే ఉంటాను నేను.

ఆ రాత్రి తమ్ముడు తన గదిలో ఒక్కడే పడి నిద్రపోయాడు. ఒంటరిగా నిద్రపోయినవాడికి సాక్ష్యం ఎవరు చెప్తారు?

చెప్పలేదు సరికదా, వ్యతిరేకంగా చెప్పేవాళ్లు దొరికారు. ఫ్యాక్టరీ గేటుకి ఎదురు మేడ మీద బట్టలు కుట్టే ఒకావిడ ఉంటుంది. అందరూ మిషను పిన్ని అంటారు. ఆ రాత్రి ఏదో తొందర కుట్టు పని ఉండి మేలుకుంది. కిటికీలోంచి చూసింది. గేటు ముందు ముసలాయన కూలిపోవడం, పక్కన ఇంకొకడు నిలబడి ఉండటం.

కోర్టులో వేలెత్తి చూపించింది. "ఇతనే. మొహం స్పష్టంగా చూశాను."

ఆ వేలు తన వైపు తిరిగినప్పుడు తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడట — తన వెనక ఎవరున్నారోనని. వెనక అక్కా బావా కూర్చుని ఉన్నారు. యావజ్జీవం పడింది.

అమ్మా నాన్నా లేని ఇంట్లో తమ్ముణ్ని పెంచింది ఈ అక్కే. నిద్రలో కూడా అబద్ధం ఆడటం రాని పిల్లాడని ఆమెకి తెలుసు. కానీ అక్క నమ్మకం కోర్టుకి ఎందుకు పనికొస్తుంది? పై కోర్టులో అప్పీలు వేశారు. అది ఏళ్ల తరబడి మూలుగుతూ పడి ఉంది. ఆమె మాత్రం టికెట్లు కొడుతూ, నవ్వుతూ, చిల్లర దగ్గర పోట్లాడుతూ బతికేసింది. భర్త బంగారంలాంటి మనిషి అని చెప్పేది. జైల్లో కలవనిచ్చే రోజు ఒక్కటి కూడా తప్పనిచ్చేవాడు కాదు. ఆమెకి డ్యూటీ పడ్డ రోజున తనొక్కడే వెళ్లి, బావమరిదికి సబ్బులు, బనియన్లు ఇచ్చి, కాసేపు కూర్చుని వచ్చేవాడు. సొంత అన్నదమ్ములే అంత చెయ్యరు కదన్నయ్యా, అనేది నాతో.

ఇక ఆ రాత్రి సంగతి.

మేం ఆఖరి ట్రిప్పు ముగించుకొచ్చేసరికి పెద్ద వీధంతా నీటి గొట్టాల కోసం తవ్వి పోసి అడ్డంగా తాళ్లు కట్టేశారు. ఆమె ఇంటికి పోవాలంటే ఇంకొక్కటే దారి. ఐసు ఫ్యాక్టరీ వెనక సందు.

ఆ సందులో ఆమె కాలు పెట్టి ఏళ్లయింది. అక్కడ దెయ్యం ఉన్నా లేకపోయినా, తమ్ముణ్ని మింగిన చోటది. తోడు రానా అని నేను అడగాల్సింది. అడగలేదు. దెయ్యాల సంగతిలో నా నమ్మకం ఎలాంటిదో ముందే చెప్పాను కదా.

సందులోకి తిరిగింది. గోడ అవతల మెషీన్ల రొద. తన అడుగుల చప్పుడు తనకే వినపడటం లేదు. చేతిలో టిఫిను డబ్బా మూత టకటకమంటోంది. రెండో చేత్తో నొక్కిపట్టింది. కింద తడి... చెప్పు జారుతోంది. ఎదురు మేడల్లో ఒక్క కిటికీ కూడా తెరిచి లేదు.

మలుపు తిరిగింది.

గేటు ముందు — ఒకడు.

కదలకుండా నిలబడి ఉన్నాడు. ఇటే తిరిగి ఉన్నాడు. భుజాలున్నాయి. చేతులున్నాయి. మెడ పైన...

ఆమె అరవబోయింది. గొంతు రాలేదు. వెనక్కి పరిగెత్తబోయింది. కాళ్లు రాలేదు. పొద్దస్తమానం "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని బస్సు నిండా జనాన్ని తోలే మనిషి... ఒక్క అడుగు తను జరగలేకపోయింది.

వాడు కదిలాడు. చెయ్యెత్తాడు. మెల్లగా... ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"ఏమే..."

చేతిలో డబ్బా జారి రాళ్ల మీద పడింది.

"ఏమే... నేనేనే!"

గొంతు భర్తది. మెషీన్ల గదిలో ఉక్కపోసి, కాస్త గాలి పీల్చుకుందామని బయటికొచ్చి గేటు ముందు నిలబడ్డాడు. అంతే. అతను పగలబడి నవ్వాడు. ఆమె ఏడ్చింది, తిట్టింది, భుజం మీద నాలుగు చరిచింది. అతను నవ్వుతూనే వంగి, దొర్లిపోయిన డబ్బా మూత వెతికి తెచ్చి చేతిలో పెట్టాడు. మళ్లీ వెళ్లి గేటుకి ఆనుకున్నాడు.

ఏడుపు మధ్యలో ఆమె ఆగిపోయింది.

భర్త ఎదురుగా ఉన్నాడు. చెయ్యి చాస్తే అందేటంత దూరం. ఇన్నేళ్లు ఒకే కంచం ఒకే మంచంగా బతికిన మనిషి. అయినా ఇంకా అతని మొహం కనపడటం లేదు. దీపం అతని తలకి పైన, వెనగ్గా ఉంది. వెలుగంతా భుజాల మీదా నేల మీదా పడుతోంది. మొహం మీద ఒక్క చుక్క లేదు.

"ఏమండీ... మీరు కనపడటం లేదు."

"ఇక్కడే ఉన్నాను కదే."

"ఉన్నారు. కనపడటం లేదు." ఆమె తలెత్తి ఎదురు మేడ వైపు చూసింది. "ఇంత దగ్గర్నుంచి నా మొగుడే నాకు కనపడకపోతే... మేడ మీద నుంచి ఆవిడకి నా తమ్ముడెలా కనపడ్డాడు?"

అతని నవ్వు ఆగింది. అప్పుడతను మొహం ఎలా పెట్టాడో ఆమెకి తెలియదు — మొహం కనపడందే! కాసేపటికి గొంతు మాత్రం వినపడింది. "పో, ముందు ఇంటికి పో. ఒళ్లంతా వణుకుతోంది నీకు."

ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండుతుంది. ఆ గేటు మీద దీపం పెట్టిన నాటి నుంచి, అంటే హత్యకి ఎంతో ముందు నుంచి, అక్కడ నిలబడేవాడికి మొహం ఉండదని ఊరు ఊరంతా చెప్పుకుంటోంది. అదే ఊరు, అదే నోటితో, అక్కడ నిలబడినవాడి మొహం ఒకావిడ స్పష్టంగా చూసిందంటే నమ్మేసింది. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసిన పెద్దమనిషి ఒక్కడు లేడు.

మర్నాడే ఆమె సెలవు పెట్టి అప్పీలు చూస్తున్న లాయరమ్మ దగ్గరికి పరిగెత్తింది. వద్దన్నాడు భర్త. మళ్లీ ఆశపడి మళ్లీ కుంగిపోతావు, నీ ఒళ్లేం కావాలి అన్నాడు. ఆమె వినలేదు.

లాయరమ్మ పొట్టి మనిషి, మాటల్లో పొదుపు. అంతా విని, పోలీసులు ఆ చోట తీసిన ఫోటోలు ముందేసుకుని చూసింది. ప్రతి దాంట్లోనూ ఎండ. గేటు కింద నీడ బెత్తెడు కూడా లేదు. రాత్రి జరిగిన హత్యకి రాత్రి తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదు.

కోర్టు ఆ కేసు చూసిన ఇన్‌స్పెక్టరుని మళ్లీ పిలిపించింది. ఆయన రిటైరై హాయిగా ఉన్నాడు.

"రాత్రి పూట ఆ చోటికి ఎందుకు వెళ్లలేదు?" అడిగింది లాయరమ్మ.

"సిబ్బంది రామన్నారండీ."

"ఎందుకని?"

"అక్కడ... ఆ మలుపుకి ఒక పేరుందండీ."

కోర్టులో కొందరు నవ్వారట. లాయరమ్మ నవ్వలేదు. "మీరు దెయ్యానికి భయపడ్డారు. దానికి ఇతను ఇన్నేళ్లు లోపలున్నాడు" అని కూర్చుంది.

అసలు పరీక్ష ఆ తరవాత జరిగింది. కోర్టు ఒక అధికారిని పంపింది. అదే గేటు, అదే దీపం, అదే కిటికీ — రాత్రి పూట. కండక్టరు కూడా మిషను పిన్ని గదిలోనే ఉంది. భర్త రాలేదు. మెషీను మొరాయించిందని కబురు పెట్టాడు.

ఆ కిటికీ హత్య జరిగిన నాటి నుంచి తెరవలేదు. రెక్కలు బిగుసుకుపోయి, సుత్తితో తట్టి తెరవాల్సొచ్చింది. చల్లగాలి గదిలోకొచ్చింది. పిన్ని కుట్టుమిషను వెనక గోడకి ఒదిగిపోయింది.

"నన్ను చూడమనకండి... వాడక్కడే ఉంటాడు."

"ఎవరు?" మెల్లగా అడిగింది లాయరమ్మ.

"మొహం లేనివాడు."

లాయరమ్మ అధికారి వైపు చూసింది. అధికారి ఆ మాట రాసుకున్నాడు.

నచ్చజెప్పి పిన్నిని కిటికీ దగ్గరికి తెచ్చారు. కింద కొంతమంది మగవాళ్లని ఒక్కొక్కర్నే తీసుకెళ్లి గేటు ముందు నిలబెట్టారు. మొదటివాణ్ని చూసి పిన్ని తెలియదంది. రెండోవాణ్నీ తెలియదంది. మూడో మనిషిని చాలాసేపు చూసింది. కిటికీ ఊచలు పట్టుకుని, కళ్లు చికిలించి... "ఎవరో పరాయి మనిషి. నేనెప్పుడూ చూడలేదు."

కింద నిలబడినవాడు తల పైకెత్తాడు.

"అమ్మా... నేనే."

సొంత కొడుకు!

పిన్ని కుట్టుమిషను మీద తల ఆనించి ఏడ్చింది. "నాకు ఒకటే ఫోటో చూపించారమ్మా. ఇతనే కదా అన్నారు. ఊరంతా ఇతనే అంటోందన్నారు. మళ్లీ వచ్చి అడిగారు, మళ్లీ వచ్చి అడిగారు... అడగ్గా అడగ్గా, కళ్లు మూసుకుంటే ఆ ఒంటి మీద ఆ ఫోటోలో మొహమే కనపడటం మొదలైంది. చూశాననే అనుకున్నాను. ఒట్టు... చూశాననే అనుకున్నాను."

కండక్టరు ఆమెని కొట్టాలని వెళ్లిందట. దగ్గరికి వెళ్లాక చెయ్యి లేవలేదు. పక్కన కూలబడి తనూ ఏడ్చింది.

తీర్పులో జడ్జిగారు చాలా రాశారు. సాక్షిని నమ్మలేమన్నారు. దర్యాప్తు దర్యాప్తులా లేదన్నారు. దొరికిన సాక్షితో సరిపెట్టుకుని, ఆ రాత్రి ఫ్యాక్టరీ లోపల పనిచేస్తున్నవాళ్లలో ఒక్కర్ని కూడా నువ్వెక్కడున్నావని అడగలేదన్నారు. శిక్ష కొట్టేశారు.

తమ్ముడు బయటికొచ్చాడు. తల సగం నెరిసింది. అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. దీపం ఆర్పితే నిద్ర పట్టదట. తలుపు దగ్గరికెళ్లి నిలబడి, "అక్కా, తీయొచ్చా?" అని అడుగుతాడట. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి గుండె తరుక్కుపోయేది. "ఇది నీ ఇల్లురా" అని బావే లేచి వెళ్లి తలుపు తీసేవాడు. తన చొక్కాలిచ్చాడు, దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం తినిపించాడు. రాత్రి షిఫ్టు మానేసి పగటి షిఫ్టుకి మారాడు — ఇంట్లో తోడుండాలని.

డిపోలో మేమంతా పండగ చేసుకున్నాం. ఐసు ఫ్యాక్టరీ దెయ్యం రెండోసారి చచ్చిందని నవ్వుకున్నాం. రహస్యం తెలిశాక ఇంకెవరికి భయం? ఇప్పుడా సందులో ఎంత పొద్దుపోయినా జనం తిరుగుతున్నారు. నేనూ ఒక రాత్రి అటు నడిచొచ్చాను. కాస్త వేగంగానే నడిచాననుకోండి.

మొన్నటి దాకా కథ ఇంతే. నేను అందరికీ ఇలాగే చెప్పి, భలే భలే అనిపించుకునేవాణ్ని. మిగతాది నిన్న చెప్పింది.

నిన్న ఆఖరి స్టాపులో జనం దిగిపోయారు. ఆమె ఎప్పట్లా ముందుకు రాలేదు. వెనక సీట్లోనే కూర్చుంది. నేనే లేచి వెళ్లాను.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

టికెట్ల సంచీ పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

మొన్న సాయంత్రం యూనిఫాం వదులైందని మిషను పిన్ని దగ్గరికి వెళ్లింది. ఇద్దరికీ ఇప్పుడు బాగానే ఉంది. పిన్ని కిటికీ కూడా ఇప్పుడు తెరిచే ఉంటుంది. గుండుసూదులు నోట్లో పట్టుకుని, ఈమె నడుము దగ్గర గుడ్డ మడిచి గుచ్చుతోంది. బయట చీకటి పడింది. గేటు దీపం వెలిగింది.

పిన్ని చేతులు ఆగిపోయాయి.

"అమ్మాయ్... ఆ గేటు దగ్గర నిలబడ్డదెవరు?"

ఈమె వంగి చూసి నవ్వింది. "మా ఆయనే పిన్నీ. నన్ను తీసుకెళ్లడానికొస్తానన్నారు. మొహం కనపడకపోయినా నేనిప్పుడు భయపడట్లేదులే."

పిన్ని నవ్వలేదు. నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

కింద అతను మెడ ఒక పక్కకి వంచి, కుడి భుజం పైకెగరేశాడు. ఒకసారి. ఆగి... ఇంకోసారి. బరువు పనిముట్లు మోసి మోసి పట్టేసిన భుజం. ఇంట్లో కూడా రోజూ అలాగే ఎగరేస్తాడు.

పిన్ని కిటికీ దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. మిషను తగిలేదాకా జరిగింది.

"ఆ రాత్రి కూడా..."

"ఆ రాత్రి ఏంటి పిన్నీ?"

"ముసలాయన పడిపోయాక... వాడు పారిపోలేదమ్మా. అక్కడే నిలబడ్డాడు. మెడ వంచి... భుజం ఎగరేశాడు. రెండుసార్లు. అచ్చం అలాగే. ఇన్‌స్పెక్టరుకి చెప్పాను. అవన్నీ ఎందుకమ్మా, మొహం చెప్పు అన్నాడు. ఆ మాట రాయనే లేదు."

కండక్టరు పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మొహం కనపడిందా పిన్నీ? చెప్పు... కనపడిందా?"

"లేదమ్మా." గొంతు గుసగుసలా వచ్చింది. "అప్పుడూ కనపడలేదు. ఇప్పుడూ కనపడటం లేదు."

నా చేతిలో బీడీ ఎప్పుడారిపోయిందో నాకు తెలియదు. "తరవాత?" అన్నాను.

"కిందికి దిగాను. ఇంతసేపేంటే అన్నారు. కొలతలన్నాను. ఇంటికెళ్లేసరికి తమ్ముడు ముగ్గురికీ కంచాలు పెట్టి కూర్చున్నాడు. బావ వస్తే గానీ తినడు వాడు."

"ఆయన్ని అడిగావా?"

"ఏమని అడగను? ఆవిడ కళ్లు నమ్మకూడదని కోర్టుకెక్కి గెలిచింది నేనే కదన్నయ్యా! ఒకసారి ఆవిడ మాట నమ్మి నా తమ్ముణ్ని లోపలేశారు. ఇప్పుడు నేను నమ్మి ఇంకొకర్ని వెయ్యనా?" అరచేతుల్లో మొహం దాచుకుంది. "భుజం పట్టేసినవాళ్లు ఊళ్లో ఎంతమంది లేరు... లేరా అన్నయ్యా?"

ఉన్నారమ్మా, బోలెడుమంది ఉన్నారు అన్నాను. నా మాట నాకే అతకలేదు.

"తమ్ముడికి మాత్రం చెప్పలేను. వాడికి మిగిలింది ఆ బావే."

బండి తిప్పాను. వచ్చేదారిలో ఒక్కరూ ఎక్కలేదు. డిపోలోకి తెచ్చి బండి ఆపాను. బయట గేటు పక్కన ఆమె భర్త వచ్చి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మర్యాదగా చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

లోపల లైట్లు ఆర్పబోతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినపడింది.

"అన్నయ్యా... ఇవాళ ఇంకో ట్రిప్పు ఏమైనా ఉందా?"

"లేదమ్మా. ఇదే ఆఖరుది."

సరే అన్నట్టు తలూపింది. బండి మాత్రం దిగలేదు.